ఉప్పుకాగితం

షట్టరు నడుం ఎత్తు లేవగానే గీకుడమ్మ దాని కింద నుంచి వంగి షెడ్డులోకి దూరేది. పూర్తిగా లేచేదాకా ఆగే ఓపిక ఆవిడకి లేదు. పీట లాక్కుని, ముందురోజు వదిలేసిన కారు పక్కన కూలబడి మొదలుపెట్టేది. గర్ర్, గర్ర్, గర్ర్. ఆ చప్పుడికి ఎదురుగా టీకొట్టువాడికి పళ్ళు జివ్వుమనేవి.

"తల్లీ! ఆ చేత్తోనే నా పళ్ళు కూడా కాస్త గీకిపెట్టు, పాచి పోతుంది!" అని అరిచేవాడు.

"నీ పళ్ళకి గీకుడు చాలదు. కోసేసి కొత్త రేకు అతకాలి" అని ఈవిడ కారు కింద నుంచే జవాబిచ్చేది.

ఆవిడ పని తుప్పు వదిలించడం. కారు ఒంటి మీద తుప్పు పట్టిన చోటల్లా, రేకు తెల్లగా తేలేదాకా గీకి, బావకి అప్పజెప్పడం. బావంటే ఆవిడ అక్క మొగుడు, ఆ షెడ్డులో రంగులేసే మేస్త్రీ. గీకుడమ్మ అని పేరు పెట్టింది కూడా ఆయనే. మరదలికి అంతకన్నా మర్యాదైన పేరు పెడితే ఆయనకి తిన్నది అరగదు.

గీకేముందు ఆవిడ నడిమివేలు మడిచి, ఎవరింటి తలుపో తట్టినట్టు, కారు డోరుని పై నుంచి కిందకి తట్టుకుంటూ వచ్చేది. చెవి రేకుకి దగ్గరగా పెట్టేది. టంగ్ అంటే రేకు గట్టిగా ఉన్నట్టు. డబ్ అంటే లోపల తినేసినట్టు. "ఎవరండీ, ఇంట్లోనే ఉన్నారా?" అని బావ వెనకనించి గొంతు మార్చి అడిగేవాడు. ఎన్నేళ్ళ నాటి జోకో అది. దానికీ తుప్పు పట్టింది, అయినా ఆయన వదల్లేదు.

పనైపోయిన కారు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు ముందు డోరులో మొహం చూసుకునేవాళ్ళు. కొందరు జేబులో దువ్వెన తీసి తల కూడా దువ్వుకునేవాళ్ళు. "ఏం రంగయ్యా, అచ్చం అద్దమే!" అని బావ భుజం తట్టేవాళ్ళు. బావ ఆ భుజాన్ని ఇంకాస్త ముందుకి పెట్టేవాడు. రంగు కింద ఎవరి చేతులు అరిగాయో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. గీకుడమ్మకి దాని గురించి బాధ లేదు, అంటే ఉందని ఎప్పుడూ అనలేదు. అప్పటికి ఆవిడ ఇంకో కారు కింద ఉండేది, కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తూ.

షెడ్డు యజమాని పెద్దాయన మోకాళ్ళు మొరాయించాక తాళాలు ఆయన అల్లుడి చేతికొచ్చాయి. అల్లుడు అంతవరకూ కర్టెన్లు అమ్మేవాడు. చెడ్డవాడు కాదు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చెదరని ప్యాంటు, జేబులో కొలతల టేపు. మొదటిరోజు షెడ్డులోకి వస్తూనే అలవాటు కొద్దీ ఓ కారు డోరుకి టేపు పెట్టి అడ్డం, నిలువు కొలిచాడు. ఎందుకు కొలిచాడో ఆయనకీ తెలీదు. కొలిచాక తల మాత్రం గంభీరంగా ఊపాడు. పెద్దాయన గేటు పక్క కుర్చీలో కాళ్ళు చాపుకుని, రేడియో చెవికి ఆనించుకుని, ఎవరేమడిగినా "అంతా అల్లుడుగారినే అడగండి" అనడం మొదలుపెట్టాడు.

అసలే కొత్త మనిషి, ఆపైన తెలీదని చెప్పుకోని మనిషి. బావ ఊరుకుంటాడా?

"అల్లుడుగారూ, ఓ చిన్న పనండీ. ఉప్పుకాగితం అయిపోయింది. మలుపులో కొట్టుకెళ్ళి ఓ నాలుగు పట్రండి. మీ చేత్తో తెస్తే మంచిది."

ఉప్పుకాగితమంటే గరుకు కాగితం. ఉప్పు అద్దినట్టు పలుకుపలుగ్గా ఉంటుంది కాబట్టి ఆ పేరు. దాంతో రుద్దితే పాత రంగు, తుప్పు రాలిపోతాయి. ఆ షెడ్డులో ఎలుకలక్కూడా తెలుసు ఆ సంగతి. కర్టెన్ల కొట్లో మాత్రం ఎవరూ చెప్పరు. అల్లుడు ఒక్క క్షణం తటపటాయించి, "ఓ, అదా!" అని బయల్దేరాడు. మలుపులో రెండు కొట్లున్నాయి. ఒకటి మేకులూ రంగుడబ్బాలూ అమ్మేది, ఇంకోటి పప్పులూ ఉప్పులూ అమ్మేది. ఆయన ఏ కొట్టుకి వెళ్ళాడో చెప్పక్కర్లేదు.

చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, చంకలోంచి ఇంత లావు ఉప్పు పొట్లం తీసి పెట్టాడు. దాని పక్కన తెల్లకాగితాలు నాలుగు, నలక్కుండా పరిచాడు.

"రెండూ కలిపి ఒకే దాంట్లో దొరకలేదు. విడివిడిగా తెచ్చాను. మీరు కలుపుకోండి" అన్నాడు.

బావ అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. టీకొట్టువాడు గ్లాసులు కడగడం ఆపి పొట్ట పట్టుకున్నాడు. పెద్దాయన చెవి దగ్గర రేడియో వణికింది. గీకుడమ్మ మాత్రం పాపం నవ్వకూడదనే అనుకుంది. కారు కింద పడుకుని పెదవులు బిగపట్టింది. అందరి నవ్వులూ ఆగి, అల్లుడు ఎర్రబడ్డ చెవులతో నిలబడి ఉన్నప్పుడు, ఆ నిశ్శబ్దంలో కారు కింద నుంచి కిసుక్కుమని మొదలై పెద్దగా వచ్చింది ఆవిడ నవ్వు. బయటికి కనిపిస్తున్న రెండు కాళ్ళూ గజగజ ఊగాయి.

అల్లుడు ఆ కాళ్ళ వంకే చూశాడు. ఉప్పు పొట్లాన్ని, కాగితాలతో సహా, ప్రైమరు డబ్బాల పక్కన అరలో పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం గీకుడమ్మా బావా చేతులు కడుక్కుంటుంటే అల్లుడు వచ్చి నిలబడ్డాడు.

"ఆంటీ, గీకుడు ఇక మానేద్దాం. మీరు ఒక్క కారుని రోజుల తరబడి గీకుతారు. ఆయన ఒక్కపూటలో రంగేస్తాడు. తుప్పు మీదే పుట్టీ మెత్తి రంగేస్తే లోపలేముందో ఎవడికి కనిపిస్తుంది? కర్టెను వెనక గోడ ఎవడైనా చూస్తాడా?"

"చూడరు బాబూ. కానీ గోడ కర్టెన్ని తినదు. తుప్పు రంగుని తింటుంది."

"వచ్చే శనివారం దాకా రండి. ఆ తర్వాత... చూద్దాం."

ఆ చూద్దాం అంటే ఏంటో ముగ్గురికీ అర్థమైంది. బావ తడిచేతులు తుడుచుకోకుండానే అడ్డం వచ్చాడు.

"ఏవండీ, వేళాకోళం చేసింది నేను. మానిపిస్తే నన్ను మానిపించండి."

"మీరు మానేస్తే రంగెవరేస్తారు?" అన్నాడు అల్లుడు. కోపంగా కూడా కాదు, కొలత చెప్పినట్టు చెప్పాడు.

ఇంటిదాకా ఇద్దరూ ఒకే దారి. బావ నాలుగడుగులు వెనకపడి నడిచాడు.

"మరదలా..."

"మాట్లాడకు."

"మీ అక్కకి మాత్రం చెప్పకే. నన్ను గీకి ఎర్ర ప్రైమరు కొడుతుంది."

"నేను చెప్పను. నువ్వే చెప్పుకో. అల్లుడు తెచ్చిన నాలుగు కాగితాలు కూడా పట్టుకెళ్ళు, వాటి మీద రాసి చూపిద్దువు గానీ."

*

మర్నాడు చేపలామె కారొచ్చింది. కారు కంటే ముందు వాసనొచ్చింది.

ఒకప్పుడు నలుగురు కూర్చునే బండి అది. వెనకసీటు పీకేసి ఐసుపెట్టెలు పెట్టింది. పైన కారియరు మీద చేపలబుట్టలు. బుట్టల్లోంచి ఉప్పునీళ్ళు రోజూ రెండు పక్కలా కారి కారి, డోర్ల మీద నీలంరంగు పొక్కుల్లా లేచింది. ఒక్కో పొక్కు చుట్టూ గోధుమరంగు మరక. డోరు అడుగు అంచులైతే ఎలుకలు కొరికిన అట్టలా ఉన్నాయి.

చేపలామె పొట్టిగా, గట్టిగా, మోచేతుల దాకా పొలుసులతో మెరుస్తూ దిగింది. "ఏమయ్యా, నా బండికి గజ్జి పట్టింది. మందుందా మీ దగ్గర?"

"రేపు ఈపాటికి పెళ్ళికూతుర్ని చేసి పంపిస్తానమ్మా" అన్నాడు అల్లుడు.

"నాకు పెళ్ళికూతురెందుకయ్యా? అది చేపలు మొయ్యాలి."

గీకుడమ్మ వేలు అప్పటికే కారు మీద పడింది. అలవాటు మరి. డబ్. డబ్. ఇంకాస్త కిందకి వెళ్ళి, స్క్రూడ్రైవరు మొన ఆనించి కొద్దిగా నొక్కింది. మొన పిడిదాకా లోపలికెళ్ళిపోయింది.

"ఇది పుట్టీకి లొంగే రకం కాదు" అంది తనలో తను.

"ఆంటీ, మిమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నాడు అల్లుడు.

చేపలామె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆ చిల్లు పక్కన తన బొటనవేలు పెట్టి ఒత్తింది. రేకు లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది.

"నేను చేపని మెరుపు చూసి కొనను నాయనా. ఇలా ఒత్తి చూస్తా. ఒత్తింది మళ్ళీ పైకి లేస్తే తాజా. లేవలేదా, ఎంత మెరిసినా పిల్లిక్కూడా పనికిరాదు. నా బండి నా చేతికే కుళ్ళుచేపలా తగుల్తోంది." గీకుడమ్మ వైపు తిరిగింది. "నీకెన్నాళ్ళు పడుతుందమ్మాయ్?"

"రెండు పక్కలా అయితే వారం."

"నేను రేపిస్తానంటున్నా కదమ్మా" అన్నాడు అల్లుడు. "ఈ గీకుడంతా దండగ. రంగు పడ్డాక రెండూ ఒకటే."

"రెండూ ఒకటేనా? అయితే గొడవే లేదు" అంది చేపలామె, నడుం మీద చేతులు పెట్టుకుని. "కుడిపక్క నువ్వు చెయ్యి. ఎడమపక్క ఆవిడ చేస్తుంది. రంగు ఒక్కడే వెయ్యాలి. పైన వారం రోజులు ఉప్పునీళ్ళు పోద్దాం. అవే చెప్తాయి ఎవరి మాట నిజమో. అందాకా మా తమ్ముడి బండుంది, దాంతో నెట్టుకొస్తా."

గేటు పక్క రేడియో చప్పుడు తగ్గింది. పెద్దాయన దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. అల్లుడు మామగారి వంక చూశాడు. మామగారు ఆకాశం వంక చూశాడు.

"సరే" అన్నాడు అల్లుడు చివరికి. "ఆవిడ పక్క నిలబడి నా పక్క పాడైతే ఆవిడ ఎప్పట్లానే ఉంటుంది. రెండూ ఒకేలా ఉన్నాయా, శనివారమే ఆఖరు. ఎల్లుండి మధ్యాహ్నానికి రంగు పడిపోవాలి, అంతకన్నా ఆగను. ఒప్పుకుంటారా ఆంటీ?"

గీకుడమ్మ స్క్రూడ్రైవరు చీరకొంగుకి తుడిచింది. "ఒప్పుకోక? ఎల్లుండి దాకా నాతో ఎవరూ మాట్లాడకపోతే చాలు."

"ఉప్పు కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అన్నాడు బావ. ఎంత ఆపుకున్నా నోరు ఆగలేదు. "అల్లుడుగారు తెచ్చింది అరలో భద్రంగా ఉంది."

*

అల్లుడు తన పక్క తనే చేశాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. చొక్కా చేతులు పైకి మడిచి, పుట్టీ కలిపి, పొక్కుల మీదా చిల్లుల మీదా మెత్తి, బద్దతో సాపు చేశాడు. కర్టెను కుచ్చిళ్ళు సర్దిన చెయ్యి కదా, ఎక్కడా గీత లేకుండా వచ్చింది. సాయంత్రానికి కుడిపక్క నున్నగా, తెల్లగా, పౌడరు రాసుకున్న మొహంలా తయారైంది.

ఎడమపక్క చూడబుద్ధెయ్యలేదు. గీకుడమ్మ పొక్కులన్నీ పగలగొట్టింది. తీగల బ్రష్షుతో, చెక్కుడు బద్దతో, ఆఖరికి ఉప్పుకాగితంతో గీకింది. తుప్పు పొరలు పొరలుగా రాలి ఆవిడ ఒళ్ళో కుప్పపడింది. చిన్న చిల్లు పెద్దదైంది. కుళ్ళిన రేకు కత్తిరించి పారేసింది. పక్క వెల్డింగు కొట్టతన్ని పిలిచి అక్కడ కొత్తరేకు అతికించుకుంది. తుప్పుమందు పూసి, అది నురగ తేలాక కడిగింది. కడిగిన చోటల్లా బావ చేత రంగు కొట్టే గన్నుతో ఒట్టి గాలి కొట్టించి ఆరబెట్టింది.

"కారుకి పోస్టుమార్టం జరుగుతున్నట్టుంది తల్లీ" అన్నాడు టీకొట్టువాడు, గ్లాసు అందిస్తూ.

ఆవిడ గీకుతూనే ఉంది. టీ చల్లారిపోయింది.

రెండోరోజు పొద్దున్నకి మిగిలింది డోరు అడుగున రేకు మడతపడ్డ సందు. ఉప్పునీళ్ళు కారి కారి చివరికి నిలబడేది అక్కడే. తుప్పు పుట్టేదీ అక్కడే. కళ్ళకి కనిపించదు, వేలు పూర్తిగా పట్టదు. గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని, విరిగిన రంపంబ్లేడుకి గుడ్డ చుట్టి, ఆ సందులోకి దూర్చి గీకింది. తుప్పు కళ్ళల్లో రాలుతుంటే కళ్ళు మూసుకుంది. మూసుకున్నాకే చెయ్యి బాగా నడిచింది. బ్లేడు గరుగ్గా పాకితే తుప్పుంది, జారితే రేకు తేలింది.

జానెడు మిగిలుండగా అల్లుడి బూట్లు కనిపించాయి తల పక్కన.

"మధ్యాహ్నమైంది ఆంటీ."

"ఆ చివరొక్కటీ..."

"మాటంటే మాట."

ఆవిడ ఆ జానెడూ గబగబా గీకింది. జారిందనే అనిపించింది. మందు రాసి, కడిగి, గాలి కొట్టించి, ఎర్ర ప్రైమరు పల్చగా కలిపి సందులోకి పారించింది. లేచి నిలబడ్డాక నడుం పట్టేసింది. ఆ జానెడు గురించి మాత్రం మనసు కుదుటపడలేదు. మళ్ళీ వంగి చూడబోతే అప్పటికే అల్లుడు, "రంగు మొదలెట్టండి" అంటున్నాడు.

బావ గన్నులో రంగు పోసుకుంటూ, అల్లుడు అటు తిరగగానే దగ్గరికి జరిగాడు.

"మరదలా, ఇటు విను. కుడిపక్క కొట్టేటప్పుడు గన్నులో రెండు చుక్కలు నీళ్ళు కలిపేస్తా. తెల్లారేసరికి పక్క పక్కంతా ఉబ్బిపోతుంది. నా వల్ల పోయిన పని నా వల్లే వచ్చేస్తుంది. ఎవడికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది."

"తెలిస్తే ఏం?"

"బావా, నీ జోకులతో నా పని ఒకసారి పోయింది, చాలు." ఆవిడ గన్ను మూత తీసి లోపలికి తొంగి చూసి, మళ్ళీ మూసింది. "రెండు పక్కలా ఒకేలా వెయ్యి. కుడిపక్క ఇంకా బాగా వెయ్యి. నేను నెగ్గితే అది నా గీకుడు నెగ్గాలి. నీ నీళ్ళు కాదు."

బావకి జోకేమీ తట్టలేదు. తట్టకపోవడం ఆయనకే వింతగా అనిపించింది.

ఆరోజు ఆయన వేసిన రంగు ఆ షెడ్డులో అంతకు ముందెవరూ చూడలేదు. మొహానికి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి, చెయ్యి భుజం నుంచి కదిలిస్తూ, ఒక పొర మీద ఇంకో పొర. నీలంరంగు కారు చుట్టూ తిరిగొచ్చేసరికి కుడికీ ఎడమకీ తేడా చెప్పగలిగినవాడు లేడు. అల్లుడు కుడిడోరులో తన మొహం చూసుకుని క్రాఫు సర్దుకున్నాడు.

"చూశారా ఆంటీ?" అన్నాడు.

ఆవిడ చూసింది. అద్దంలాగే ఉంది. రెండూ అద్దాల్లాగే ఉన్నాయి. గుండెల్లో ఏదో డబ్ మంది.

*

రంగు గట్టిపడ్డాక కారుని ఎండలోకి తోశారు. అల్లుడు తెచ్చిన ఉప్పు బకెట్లో కలిపి, గోనెలు ముంచి, కారియరు మీదనించి రెండు పక్కలా ఒకే కొలతకి వేలాడేశారు. కొలిచింది అల్లుడే. ఆ టేపు షెడ్డుకి పనికొచ్చింది అప్పుడొక్కసారే. గోనెలు ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపేవాళ్ళు. పొద్దున గీకుడమ్మ తడిపేది, సాయంత్రం అల్లుడు తడిపేవాడు. ఒకరి మీద ఒకరికి అనుమానం కాదు గానీ, రెండోవాళ్ళు పక్కన నిలబడి చూసేవాళ్ళు.

చెయ్యడానికి గీకుడు లేదు. కొత్తగా వచ్చిన కార్లకి అల్లుడు పుట్టీయే పెట్టిస్తున్నాడు. ఆవిడ పీట మీద కూర్చుని మేకులు ఏరింది, డబ్బాలు తుడిచింది, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. షెడ్డు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. "తల్లీ, నాలుగుసార్లు ఏదో ఒకటి గీకు, నాకు తోచడం లేదు" అన్నాడు టీకొట్టువాడు.

మధ్యలో ఒకరోజు గోనె ఎత్తి తడపబోయి, ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఎడమడోరు మీద, హేండిలు కింద, గోధుమరంగు గీత. సన్నగా, కన్నీటి చారలా కిందిదాకా కారింది.

అందరూ వచ్చారు. అల్లుడు వంగి చూశాడు. నవ్వలేదు. అది కూడా ఒప్పుకోవాలి. "అక్కడ గీకడం మర్చిపోయారేమో" అన్నాడు, కాస్త మెత్తగానే. ఆ మెత్తదనం ఆవిడకి ఇంకా గుచ్చుకుంది.

బావ గోనెని ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు.

గీకుడమ్మ బొటనవేలు నోట్లో తడి చేసుకుని గీత మీద గట్టిగా రుద్దింది. వేలు గోధుమరంగైంది. డోరు నీలంగా మెరిసింది. గోనె రంగు దిగింది, అంతే.

"అమ్మయ్య" అన్నది బావ కాదు, పెద్దాయన. గేటు దగ్గర నుంచి వినిపించింది. అందరూ అటు తిరిగేసరికి రేడియో మళ్ళీ చెవికి ఆనించుకున్నాడు.

కానీ అడుగున ఆ జానెడు సందు ఉండనే ఉంది. గోనె తగలకపోయినా అందులోకి నీళ్ళు చేరుతున్నాయి. అది ఎవరికీ కనిపించదు. ఆవిడ రోజూ ఇంటికెళ్ళేముందు ఆ డోరు వంక వంగబోయి, వంగకుండా వెళ్ళిపోయేది.

*

శనివారం చేపలామె బుట్టలు దింపేసి నేరుగా వచ్చింది. గోనెలు తీశారు. బావ మంచినీళ్ళతో కారుని కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచాడు.

ఎడమపక్క మెరిసింది. కుడిపక్కా మెరిసింది.

అల్లుడు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. "నేను చెప్పలా? రెండూ ఒకటే." తర్వాత గీకుడమ్మ మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకండి ఆంటీ. మాటనుకున్నాం కదా."

ఆవిడ పీట తీసి గోడకి ఆనించింది. గుడ్డ చుట్టిన రంపంబ్లేడు చేతిలోకి తీసుకుంది. అది ఆవిడ సొంతం.

"ఆగాగు, ఎక్కడికి?" అంది చేపలామె. "ఇంకా బేరమే మొదలవలా. మెరుపు చూసి కొననని చెప్పలేదూ?"

ఎడమడోరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలితో ఒత్తింది. పైన, మధ్యన, కింద. రేకు వేలిని వెనక్కి తోసింది. చూపుడువేలి కొస అడుగు సందులోకి దూర్చి, ఈ చివరనించి ఆ చివరదాకా, ఆ జానెడు కూడా, మెల్లగా లాగింది. గీకుడమ్మ ఊపిరి ఆ వేలితో పాటే నడిచింది. చేపలామె వేలు బయటికి తీసి ఎండలో పెట్టి చూసింది. తడి ఉంది. మరక లేదు.

"తాజా" అంది.

లేచి అటు పక్కకి వెళ్ళింది. కుడిడోరు మీద వేలు పెట్టి ఒత్తింది.

చిట్.

గుడ్డుపెంకు పగిలినట్టు చిన్న చప్పుడు. నీలంరంగు మీద సన్నటి బీట పాకింది. బీటలోంచి గోధుమరంగు నీళ్ళు ఒక చుక్క తొంగి చూసి, ఆగి, తర్వాత ధైర్యం తెచ్చుకుని చేపలామె మణికట్టు మీదుగా కారాయి.

"తట్టమ్మాయ్" అంది ఆమె.

గీకుడమ్మ బ్లేడు ఎడమచేతిలోకి మార్చుకుని, నడిమివేలు మడిచి, తలుపు తట్టినట్టు తట్టింది. డబ్.

ఇంకోసారి తట్టింది. అరచేయంత పుట్టీ పెళ్ళ, మీద అద్దంలాంటి రంగుతో సహా, ఊడి అల్లుడి బూటు మీద పడింది. బోర్లా పడింది. లోపలివైపు తుప్పు, ఎక్కడి పొక్కు అక్కడే, అచ్చు తీసినట్టు అంటుకునుంది. డోరులో ఆ పెళ్ళంత చిల్లు. చిల్లులోంచి చేపల వాసన.

"ఎవరండీ, ఇంట్లోనే ఉన్నారా?" అన్నాడు బావ. ఈసారి గొంతు మార్చలేదు.

చేపలామె ఎడమపక్కకి తిరిగొచ్చి డోరు మీద అరచెయ్యి పరిచింది. "ఈ రంగు కింద పని ఎవరిది?" అని అడిగింది, ఎవరిదో తెలిసి కూడా, వీధిలో జనానికి వినిపించేలా. బావ తన భుజం వెనక్కి తీసుకుని మరదలి వైపు వేలు చూపించాడు. ఆ షెడ్డులో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. గీకుడమ్మకి ఎటు చూడాలో తెలీలేదు. దూరడానికి దగ్గర్లో కారు కూడా లేదు.

అప్పుడు పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. మోకాళ్ళు రెండూ కటకటమన్నాయి. రేడియో కుర్చీలో వదిలేసి, గోడ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, వంగలేక బావ చేత పెళ్ళ తీయించుకుని, ఇటూ అటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని అల్లుడి చేతిలో పెట్టాడు.

"అల్లుడుగారూ, ఇకమీదట తుప్పు సంగతేదైనా ఉంటే అంతా ఆవిణ్ణే అడగండి."

ఆయన మళ్ళీ గోడ పట్టుకుని వెనక్కి కుర్చీ చేరాడు.

అల్లుడు పెళ్ళని తిప్పి రంగువైపు చూశాడు, తుప్పువైపు చూశాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఈ పక్క ఎక్కణ్ణించి మొదలెట్టాలో చూపిస్తారా?"

ఆంటీ పోయి అక్క వచ్చిందని ఆవిడ గమనించింది. పీట మళ్ళీ వేసుకుంది. సంచిలోంచి ఓ గరుకు ముక్క చింపి అతని చేతిలో పెట్టింది.

"ఇదీ ఉప్పుకాగితమంటే. నాలిక పెట్టి చూడకండి, ఉప్పగా ఉండదు."

*

చేపలామె నోరు చిన్నది కాదు. వారం తిరిగేసరికి చేపల బజారు బళ్ళన్నీ షెడ్డు ముందు వరస కట్టాయి, వాటి వెనక ఐసు బళ్ళు. వచ్చినవాళ్ళెవరూ రంగు గురించి అడగలేదు. "గీకుడమ్మగారున్నారా?" అని అడిగారు. ఆ గారు విన్న మొదటిసారి బావకి తాగుతున్న నీళ్ళు పొలమారాయి. అల్లుడు మాత్రం లేచి నిలబడి, "ఉన్నారండీ. ఆ కారు కింద" అని చూపించేవాడు.

ఓ సాయంత్రం బావ రంగు పని ముగించి గుడ్డ విప్పుకుని కూర్చున్నాడు. టీ వచ్చింది. మామూలుగా టీకొట్టువాడు తెస్తాడు, ఆరోజు అల్లుడు స్వయంగా తెచ్చాడు. దుమ్ము పడకుండా గ్లాసు మీద తెల్లకాగితం కూడా కప్పాడు.

"అయ్యో, మీరు తేవడమేంటండీ!" అన్నాడు బావ, పొంగిపోతూ.

"నా చేత్తో తెస్తే మంచిదని మీరే అన్నారు కదా మేస్త్రీగారూ" అన్నాడు అల్లుడు. పోయి గీకుడమ్మ పక్కనే కారు కిందకి దూరాడు.

బావ కాగితం తీసి పక్కన పెట్టి, పెద్ద గుక్క తాగాడు. కళ్ళు ఇంతింత చేసుకుని, బుగ్గలు ఉబ్బించి, ఎటు ఉమ్మాలో తెలీక గేటు దాకా పరిగెత్తాడు. పొట్లంలో అడుగున మిగిలిన ఉప్పంతా ఆ గ్లాసులోనే ఉంది. పెద్దాయన రేడియో వణికింది.

"ఎవరే! ఎవరిదీ పని?"

కారు కింద నుంచి జవాబు లేదు. గర్ర్, గర్ర్, గర్ర్. రెండు ఉప్పుకాగితాల చప్పుడు, ఒకటే వరసలో, ఏమీ ఎరగనట్టు. బయటికి కనిపిస్తున్న నాలుగు కాళ్ళు మాత్రం, రెండు చీరకుచ్చిళ్ళలోనూ రెండు ఇస్త్రీ నలిగిన ప్యాంటులోనూ, గజగజ ఊగుతున్నాయి.